యాంటీవైరస్ వల్ల ఇంట్లో సిస్టమ్ స్లో అవుతుందా? తీసేయమంటారా, ఉంచమంటారా?

రమణమూర్తి_రాజమండ్రి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్నది పాత ల్యాప్‌టాప్. ఆరో జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. మా అమ్మాయి డిగ్రీ ప్రాజెక్టు పని, నా పెన్షన్, బ్యాంకు వ్యవహారాలు అన్నీ దీని మీదే. డెస్క్‌టాప్ వరకు బాగానే వస్తుంది, ఆ తర్వాత ఏది నొక్కినా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. వర్డ్ ఫైల్ తెరుచుకునేలోపు అమ్మాయికి విసుగొచ్చి ఫోన్ తీసుకుంటోంది.

ఒక షాపులో చూపిస్తే "యాంటీవైరస్ బరువండీ, తీసేస్తే పరిగెడుతుంది" అన్నారు. ఇంకో షాపులో "మంచి యాంటీవైరస్ లేకే ఇలా అయింది, మూడేళ్ల ప్యాక్ వేసేద్దాం" అన్నారు. విండోస్‌తో వచ్చిన డిఫెండర్ ఉంది, దానికి తోడు ఎవరో వేసిన ఫ్రీ యాంటీవైరస్ ఒకటి ఉంది. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే సిస్టమ్ కాబట్టి ఉన్నది పీకేయాలంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.

నవీన్_గేమింగ్

తీసేయండి అంకుల్. పెద్ద జిప్ ఫైల్ ఏదైనా విప్పుతూ టాస్క్ మేనేజర్ చూడండి. యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎక్జిక్యూటబుల్ అని ఒకటి పైకెక్కి కూర్చుంటుంది, అదే డిఫెండర్. రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆఫ్ చేసి గేమ్ ఇన్‌స్టాల్ చేస్తే తేడా కళ్ల ముందే కనిపిస్తుంది. తెలియని లింకులు నొక్కకుండా ఉంటే వైరస్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఖాజా_సర్వీస్_విజయవాడ

నవీన్ తమ్ముడూ, నీ దాంట్లో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్), 16 జీబీ ర్యామ్ ఉండి ఉంటాయి. మాస్టారి మెషీన్ సంగతి వేరు. తొందరపడి తీయించకు.

రమణమూర్తి గారూ, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. కింద "మోర్ డీటెయిల్స్" ఉంటే నొక్కండి. పైన డిస్క్ అన్న చోట క్లిక్ చేస్తే డిస్క్‌ను ఎక్కువగా వాడేవి పై వరసలోకి వస్తాయి. ఆన్ చేసిన వెంటనే ఒకసారి, అరగంట ఆగి మళ్లీ ఒకసారి చూసి, సీపీయూ, మెమరీ, డిస్క్ ఎంతెంత ఉన్నాయో ఇక్కడ రాయండి. అవి చూడకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే.

పద్మజ_హన్మకొండ

స్లో అవుతుందా అంటే అవుతుంది. ఫైళ్లను చదివి చూసే ప్రోగ్రామ్ ఏదైనా కొంత టైమ్ తీసుకుంటుంది, అందులో దాచాల్సింది ఏమీ లేదు. ఎప్పుడు, ఎంత అన్నది చూడాలి.

యాంటీవైరస్ విండోస్‌లో ఫిల్టర్ డ్రైవర్ ఒకటి పెడుతుంది. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరిచినా, కొత్తగా రాసినా ఆ కబురు ముందు దానికి వెళ్తుంది. అది ఫైల్‌ను చదివి, తెలిసిన వైరస్‌ల ఆనవాళ్లతో పోల్చి, జిప్ అయితే లోపల ఉన్నవీ చూసి వదులుతుంది. ఒకసారి బాగుందని తేల్చిన ఫైల్‌ను గుర్తుపెట్టుకుంటుంది, అది మారనంత వరకు ప్రతిసారీ మొదటి నుంచి చూడదు. కొత్త సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిచినప్పుడు ఆలస్యమై, రెండోసారి చకచకా తెరుచుకోవడానికి ఇదొక కారణం.

అందుకని వేలకొద్దీ చిన్న ఫైళ్లు కాపీ చేసేటప్పుడు, జిప్ విప్పేటప్పుడు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, ఫుల్ స్కాన్ నడిచేటప్పుడు భారం బాగా తెలుస్తుంది. నవీన్ చూసింది కచ్చితంగా అదే, ఆ మాట తప్పు కాదు. కానీ వర్డ్‌లో టైప్ చేస్తున్నప్పుడో, వీడియో చూస్తున్నప్పుడో యాంటీవైరస్‌కు పెద్దగా పనుండదు. రమణమూర్తి గారికి పొద్దస్తమానం స్లోగానే ఉంటోంది. అది ఈ లెక్కలోకి పూర్తిగా రాదు.

ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ నగరంలో ఏవీ-కంపారిటివ్స్ అనే సంస్థ ఉంది. ఫైళ్లు కాపీ చేయడం, ఆర్కైవ్ చేయడం, ఇన్‌స్టాల్ చేయడం, ప్రోగ్రామ్‌లు తెరవడం, డౌన్‌లోడ్, బ్రౌజింగ్, వీటన్నిటిలో ఏ యాంటీవైరస్ ఎంత ఆలస్యం చేస్తోందో విడివిడిగా కొలుస్తుంది. తేలికైనదేదో తెలుసుకోవాలంటే యూట్యూబ్ వీడియోల కన్నా అది చూడటం మేలు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. వాళ్లు పరీక్షించే తక్కువ స్థాయి మెషీన్‌లో కూడా ఎస్‌ఎస్‌డీ ఉంటుంది. పాత హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లు అక్కడి "వెరీ ఫాస్ట్" అన్న మార్కు చూసి తమ ఇంట్లోనూ అంతే అనుకోకూడదు.

ఖాజా_సర్వీస్_విజయవాడ

పద్మజమ్మ చివర్లో చెప్పిన మాట మా షాపులో రోజూ చూసేదే. ల్యాప్‌టాప్‌లలో వచ్చిన పాత హార్డ్ డిస్కులు ఎక్కువగా 5400 ఆర్‌పీఎమ్‌వి, అంటే నిమిషానికి 5400 చుట్లు. లోపల పళ్లెం తిరుగుతుంటే గ్రామఫోన్ ముల్లులా ఒక హెడ్ అటూ ఇటూ కదిలి చదవాలి. చిన్న చిన్న ముక్కలు వేర్వేరు చోట్ల ఉంటే సెకనుకు వంద చదవడమే గగనం. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేలకొద్దీ చదివేస్తుంది. విండోస్, బ్రౌజర్, యాంటీవైరస్ ఒకేసారి డిస్క్ మీద పడితే హెడ్ ఊపిరాడక ఉంటుంది. అప్పుడు జనానికి కనిపించేది యాంటీవైరస్ పేరు ఒక్కటే.

శ్రీను_డీటీపీ_తెనాలి

జాగ్రత్తగా ఉంటే వైరస్ రాదన్న తమ్ముడికి నాదో మాట. నేను ఇంటి ముందు గదిలోనే డీటీపీ చేస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు వస్తాయి. నెట్ సెంటర్లో పెట్టి, జిరాక్స్ షాపులో పెట్టి, చివరికి నా సిస్టమ్‌లో పెడతారు. పెడితే లోపల ఫోల్డర్లకు మూలన చిన్న బాణం గుర్తు వచ్చి ఉంటుంది. అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు పెట్టే వైరస్ అది. "ఫొటోలు" అని ఉన్నదాన్ని డబుల్ క్లిక్ చేస్తే ఫొటోలూ తెరుచుకుంటాయి, వెనక వైరస్ కూడా నడుస్తుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు. నేను ఏ లింకూ నొక్కను, అయినా రోజూ గుమ్మం దాకా వస్తుంది. డిఫెండర్ పట్టుకుంటోంది కాబట్టి పని సాగుతోంది.

అయితే స్లో అన్న మాట నాకూ ఉంది. బొమ్మలు, క్లిప్‌ఆర్ట్‌ల ఫోల్డర్ ఒకటి ఉంది, వేలల్లో ఫైళ్లు. దాన్ని తెరిస్తే బొమ్మలు ఒక్కొక్కటిగా బయటికొచ్చే వరకు కూర్చోవాలి. ఆ ఫోల్డర్‌ను యాంటీవైరస్ చూడకుండా ఎక్స్‌క్లూజన్‌లో పెట్టొచ్చా?

పద్మజ_హన్మకొండ

శ్రీను గారూ, ఎక్స్‌క్లూజన్ గురించి విడిగా రాస్తాను, అది జాగ్రత్తగా చెప్పాల్సిన విషయం.

"లింక్ నొక్కకపోతే చాలు" అన్నదానికి ఇంకో ఉదాహరణ. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. నెట్‌వర్క్‌లో ఉంటే చాలు, విండోస్‌లోని ఫైల్ షేరింగ్ లోపం గుండా అదే ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి దూకింది, ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చేసింది. అప్‌డేట్ వేసుకోని సిస్టమ్‌లు దొరికిపోయాయి.

వేణు_డాలస్

నెల్లూరులో ఉన్న మా అమ్మానాన్నల కంప్యూటర్ నేను ఇక్కడి నుంచే చూసుకుంటాను. నా అనుభవంలో స్కానింగ్ కన్నా ఎక్కువ విసిగించేది ఫ్రీ యాంటీవైరస్‌లకు తగిలించి వచ్చే తోకలు. వీపీఎన్, క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్, ఇవన్నీ స్టార్టప్‌లో చేరి కూర్చుంటాయి. పైగా "మీ పీసీలో ఇన్ని సమస్యలు" అని ఎర్రగా పాపప్. పెద్దవాళ్లు నిజంగా భయపడిపోతారు. అది చూసి చూసి, అలాంటి ఎర్ర హెచ్చరికే ఏదో వెబ్‌సైట్‌లో కనిపించి, అక్కడున్న నంబర్‌కు ఫోన్ చేసి, రిమోట్ యాప్ వేయించుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. నాకు స్పీడ్ కన్నా ఈ భయమే ఎక్కువ.

ఫ్రీ అన్నది ఊరికే రాదు కూడా. అవాస్ట్ వాళ్లు వాడుకరుల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే తమ అనుబంధ సంస్థ ద్వారా అమ్మిన సంగతి 2020లో బయటపడింది, ఆ సంస్థను మూసేశారు. 2024లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ దాని మీద 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టించింది.

ఇంకోటి. కొన్ని యాంటీవైరస్‌లు హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ పేరుతో తమ సొంత సర్టిఫికెట్ పెట్టి, బ్రౌజర్‌కు వచ్చే ప్రతి పేజీని మధ్యలో విప్పి చూస్తాయి. పేజీలు ఆలస్యంగా తెరుచుకుంటే ముందు అది ఆపి చూడండి.

నవీన్_గేమింగ్

పాపప్‌ల విషయం ఒప్పుకుంటాను. కానీ డిఫెండర్‌నూ అంత వెనకేసుకు రాకండి. ఫైర్‌ఫాక్స్ వాడితే అది ఏళ్ల తరబడి సీపీయూను తినేసింది, ఆ సంగతి ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మోజిల్లా వాళ్ల బగ్ లిస్టులోనే ఉంది. 2024 జూలైలో క్రౌడ్‌స్ట్రైక్ ఒక్క అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడేసింది. రక్షించాల్సినదే పడేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

పద్మజ_హన్మకొండ

ఫైర్‌ఫాక్స్ సంగతి నిజం, మంచి ఉదాహరణ ఇచ్చావు. 2018లో ఫిర్యాదు నమోదైంది, 2023లో గానీ సరికాలేదు. ఫైర్‌ఫాక్స్ మెమరీ అనుమతులు మార్చే ఒక విండోస్ ఫంక్షన్‌ను తరచుగా పిలుస్తుంది. ఆ పిలిచిన ప్రతిసారీ డిఫెండర్ అవసరానికి మించి లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. సరిచేశాక ఫైర్‌ఫాక్స్‌తో బ్రౌజ్ చేసేటప్పుడు డిఫెండర్ సీపీయూ వాడకం సుమారు 75 శాతం తగ్గిందని మోజిల్లా ఇంజనీర్లే చెప్పారు. అంటే ఆ ఐదేళ్లూ "డిఫెండర్ వల్లే స్లో" అన్నవాళ్లలో కొందరి మాట అక్షరాలా నిజం. ఎవరైనా స్లో అంటే "మీ భ్రమ" అని కొట్టిపారేయకూడదని నేననేది ఇందుకే.

క్రౌడ్‌స్ట్రైక్ ఇళ్లలో వాడేది కాదు, కంపెనీల సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్. అయినా నీ భయం సబబే. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి ఎక్స్‌పీలో ఎస్‌వీసీహోస్ట్ అనే విండోస్ సొంత ఫైల్‌నే వైరస్ అనుకుని పట్టుకుంది, ఎన్నో సిస్టమ్‌లు రీస్టార్ట్ అవుతూనే ఉండిపోయాయి. ఇలాంటివి ఎప్పుడో జరుగుతాయి, పెన్‌డ్రైవ్ వైరస్ శ్రీను గారి దగ్గరికి రోజూ వస్తుంది. అందుకే నేను ఉంచమనే చెబుతాను.

గేమ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) తగ్గుతోందంటే విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉందేమో చూడు. అది యాంటీవైరస్ స్కానింగ్ కాదు, వేరే రక్షణ. గేమ్ ఆడేటప్పుడు ఆపుకుని, అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చని 2022లో మైక్రోసాఫ్టే చెప్పింది.

రమణమూర్తి_రాజమండ్రి

అందరికీ ధన్యవాదాలు. ఖాజా గారు చెప్పినట్టే చూశాను. ఆన్ చేసిన వెంటనే సీపీయూ మామూలుగానే ఉంది, మెమరీ 90కి దగ్గర, డిస్క్ 100. పై వరసలో సిస్టమ్, ఫ్రీ యాంటీవైరస్ వాళ్ల సర్వీస్, సిస్‌మెయిన్, వన్‌డ్రైవ్ ఉన్నాయి. అరగంట తర్వాత యాంటీవైరస్ కిందికి దిగిపోయింది, కానీ డిస్క్ 100 నుంచి దిగలేదు. ఏమీ తెరవకుండా వదిలేసినా అంతే. అప్పుడప్పుడు లోపల టిక్ టిక్ అని వినిపిస్తుంది. అది ఫ్యాన్ శబ్దం కావచ్చు.

ఖాజా_సర్వీస్_విజయవాడ

మాస్టారూ, ఆ టిక్ టిక్ ఫ్యాన్‌ది కాదు. ఇప్పుడు యాంటీవైరస్ మాట పక్కన పెట్టండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఫ్రీ టూల్ ఉంది, వాళ్ల సొంత వెబ్‌సైట్ నుంచే దించుకుని తెరవండి. నీలం రంగులో "గుడ్" అని ఉంటే సరే. పసుపు రంగులో "కాషన్" అని ఉంటే డిస్క్ పాడవుతోందని అర్థం. కింద రీఅలొకేటెడ్ సెక్టర్స్, కరెంట్ పెండింగ్ సెక్టర్స్ అనే వరసలు చూడండి, డిస్క్‌లో పాడైన, అనుమానమున్న చోట్ల లెక్క అది.

పసుపు వస్తే ఒక్క పని కూడా ఆలస్యం చేయొద్దు. అమ్మాయి ప్రాజెక్టు, ఫొటోలు, పెన్షన్ కాగితాలు ముందు వేరే డిస్క్‌లోకి తీసేయండి. ముఖ్యంగా ఫుల్ స్కాన్ మాత్రం పెట్టొద్దు. "వైరస్ ఉందేమో" అని పోతున్న డిస్క్ మీద ఫుల్ స్కాన్ పెట్టి, అది మొదటి నుంచి చివరి దాకా చదువుతూ చదువుతూ మధ్యలోనే ఆగిపోయి మా దగ్గరికొచ్చినవి ఉన్నాయి. అప్పుడు డేటా తీయడం మా చేతుల్లో ఉండదు.

రమణమూర్తి_రాజమండ్రి

పసుపే వచ్చింది, కాషన్. ఇప్పుడే అమ్మాయి ఫైళ్లు బయటి డిస్క్‌లోకి ఎక్కిస్తున్నాం.

ఖాజా_సర్వీస్_విజయవాడ

మంచిది. ఎక్కిన ఫైళ్లు వేరే సిస్టమ్‌లో పెట్టి నాలుగైదు తెరిచి చూసుకోండి, కాపీ అయిందని నమ్మి వదిలేయొద్దు. ఆ తర్వాత 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి, మీ ల్యాప్‌టాప్‌కు సరిపోతుంది. ర్యామ్ స్లాట్ ఖాళీ ఉంటే ఇంకో 4 జీబీ కూడా. పాత డిస్క్‌ను క్లోన్ (ఉన్నది ఉన్నట్టు కాపీ) చేయమనకండి, విండోస్ కొత్తగా వేయించండి. ఫ్రీ యాంటీవైరస్ మళ్లీ వేయనక్కర్లేదు, డిఫెండర్ దానంతట అదే ఆన్ అవుతుంది.

సత్యవతి_కర్నూలు

నాకు రెండు సందేహాలు. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ కూడా నడుస్తూనే ఉంటుందా? రెండూ కొట్టుకుంటాయని అంటారు. రెండోది, విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, యాంటీవైరస్ ఉంటే సరిపోదా? మా ఇంట్లోదీ పాతదే, 11 వేసుకోదు.

పద్మజ_హన్మకొండ

వేరే యాంటీవైరస్ విండోస్ సెక్యూరిటీలో నమోదు అయితే డిఫెండర్ తనే పక్కకు తప్పుకుంటుంది. "పీరియాడిక్ స్కానింగ్" అనే ఆప్షన్ మీరు ఆన్ చేస్తే అప్పుడప్పుడు మాత్రం చూస్తుంది. కాబట్టి ఆ రెండిటి మధ్య గొడవ ఉండదు. బయటి యాంటీవైరస్‌లు రెండు వేస్తే మాత్రం ఒకదాని ఫైళ్లను ఇంకోటి చదువుతూ సిస్టమ్‌ను చంపేస్తాయి. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు వచ్చిన ట్రయల్ ఒకటి, తర్వాత షాపులో వేసిందొకటి ఉన్న ఇళ్లు చాలానే. విండోస్ సెక్యూరిటీలో "మేనేజ్ ప్రొవైడర్స్" తెరిస్తే ఎవరెవరు ఉన్నారో పేర్లతో కనిపిస్తుంది. తీసేటప్పుడు మామూలు అన్‌ఇన్‌స్టాల్ తర్వాత ఆ కంపెనీ సైట్‌లో దొరికే రిమూవల్ టూల్ కూడా నడపండి, లేకపోతే డ్రైవర్ ముక్కలు మిగిలిపోతాయి.

విండోస్ 10 సంగతి. 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు ఈఎస్‌యూ అనే అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరొచ్చు. డిఫెండర్ వైరస్ అప్‌డేట్లు మాత్రం విండోస్ 10కి 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అది చూసి ధీమాగా ఉండిపోవద్దు. వన్నాక్రై దూరింది విండోస్ లోపం గుండానే. ఆ లోపాన్ని మూసేది విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ కాదు. ఆరో జనరేషన్, చాలావరకు ఏడో జనరేషన్ ఇంటెల్ మెషీన్లకు విండోస్ 11 అధికారికంగా రాదు కాబట్టి, ఈఎస్‌యూ గడువు అయ్యాక బ్యాంకు పనికైనా విండోస్ బదులు లైనక్స్ మింట్ లాంటి ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడమో, కొత్తది కొనడమో చూసుకోవాలి.

వేణు_డాలస్

డిఫెండర్ స్కాన్ పని మధ్యలో మొదలై విసిగిస్తుందనేవాళ్లకు ఒక చిట్కా. షెడ్యూల్డ్ స్కాన్ సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు నడవాలి. కానీ మన ఇళ్లలో పని అవగానే స్విచ్ కట్టేస్తాం, దానికి ఖాళీ దొరకదు. అందుకే ఆన్ చేసి ఫోన్ మాట్లాడుతూ పక్కన పెట్టినప్పుడు అందుకుంటుంది. వారానికి ఒక రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి, లాగౌట్ చేసి అలాగే వదిలేయండి, అప్‌డేట్లు, స్కాన్ రెండూ అయిపోతాయి. టాస్క్ షెడ్యూలర్‌లో విండోస్ డిఫెండర్ షెడ్యూల్డ్ స్కాన్‌కు మీకు నచ్చిన టైమ్ కూడా ఇవ్వొచ్చు. అమ్మావాళ్ల దానికి మధ్యాహ్నం వాళ్లు నడుం వాల్చే టైమ్ పెట్టాను.

శ్రీను_డీటీపీ_తెనాలి

పద్మజ గారూ, నా ఎక్స్‌క్లూజన్ సంగతి చెప్పలేదు. పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఇచ్చినతను కూడా "ముందు యాంటీవైరస్ ఆపి, సి డ్రైవ్ మొత్తం ఎక్స్‌క్లూజన్‌లో పెట్టి అప్పుడు ఇన్‌స్టాల్ చెయ్" అన్నాడు.

పద్మజ_హన్మకొండ

శ్రీను గారూ, ఆ పని మాత్రం వద్దు. సి డ్రైవ్ ఎక్స్‌క్లూజన్‌లో పెడితే డిఫెండర్ ఉన్నా లేనట్టే, ఆకుపచ్చ టిక్ మాత్రం కనిపిస్తూ ఉంటుంది. క్రాక్ ఫైళ్లు (లైసెన్స్ కొనకుండా నడిచేలా మార్చినవి) ఇచ్చేవాళ్లు యాంటీవైరస్ ఆపమనేది అందులో ఉన్నది దొరక్కుండా ఉండటానికే కావచ్చు. అతను మంచివాడే అయినా, ఆ ఫైల్ అతని దాకా ఎన్ని చేతులు మారి వచ్చిందో అతనికీ తెలియదు.

క్లిప్‌ఆర్ట్ ఫోల్డర్‌కు ఇలా చేయండి. ముందు ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ పెట్టండి, ఎంత టైమ్ పట్టినా పూర్తి కానివ్వండి. శుభ్రంగా ఉందని తేలాక ఆ ఒక్క ఫోల్డర్‌నే ఎక్స్‌క్లూజన్‌లో చేర్చి, తేడా ఉందో లేదో చూడండి. బొమ్మల థంబ్‌నెయిల్స్ తయారవడమే ఆలస్యం అయితే ఇది చేసినా తేడా రాదు, అప్పుడు ఎక్స్‌క్లూజన్ తీసేసి ఫోల్డర్‌ను లిస్ట్ వ్యూలో పెట్టుకోండి. తేడా వస్తే ఉంచండి, కానీ కస్టమర్ పెన్‌డ్రైవ్‌లోంచి నేరుగా అందులోకి ఏదీ కాపీ చేయొద్దు. కొత్త బొమ్మలకు వేరే ఫోల్డర్ ఒకటి పెట్టుకుని, అక్కడ స్కాన్ అయ్యాకే ఇందులోకి మార్చండి. డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, పెన్‌డ్రైవ్ అక్షరాలు, వీటిని ఎప్పుడూ ఎక్స్‌క్లూజన్‌లో పెట్టకూడదు.

పెన్‌డ్రైవ్‌ల తాకిడి అంత ఉంది కాబట్టి ఇంకోటి. ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్, హైదరాబాద్ వాళ్లు యూఎస్‌బీ ప్రతిరోధ్ అని ఒక ఫ్రీ టూల్ చేశారు, కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో దాని వివరాలుంటాయి. మీరు అనుమతించిన పెన్‌డ్రైవ్‌లే సిస్టమ్‌లో తెరుచుకునేలా పెట్టుకోవచ్చు.

శ్రీను_డీటీపీ_తెనాలి

అర్థమైంది మేడమ్. సి డ్రైవ్ పెట్టి ఉంది, ఇప్పుడే తీసేశాను. తీయగానే డిఫెండర్ రెండు ఫైళ్లు పట్టుకుంది, రెండూ ఆ పేజ్‌మేకర్ ఫోల్డర్‌లోవే. క్వారంటైన్‌లో ఉన్నాయి, డిలీట్ చేసేయమంటారా?

పద్మజ_హన్మకొండ

చేసేయండి. రిస్టోర్ మాత్రం నొక్కొద్దు. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లోడ్ కాకముందే స్కాన్ చేస్తుంది, సుమారు పావుగంట పడుతుంది. చేస్తున్న పనులు సేవ్ చేసుకుని మొదలుపెట్టండి. అది అయ్యాక ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే సిస్టమ్ నుంచి గానీ, ఫోన్ నుంచి గానీ మార్చుకోండి.